గాజుకప్పు కింది వాన

విమానం దిగి నడవలో అడుగు పెట్టేసరికి రూతమ్మ పాదాలు చెప్పుల్లో పట్టకుండా వాచి ఉన్నాయి. తొమ్మిది రోజుల తిరుగుడు. జోర్డాను దేశంలో అయిదు రోజులు, ఐగుప్తులో నాలుగు. రోజుకో హోటలు, తెల్లారకముందే లేపడాలు, బస్సులో గంటల తరబడి కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడాలు. ఇప్పుడింకా హైదరాబాదు విమానం ఎక్కాలంటే ఈ ఎడారి దేశపు విమానాశ్రయంలో ఏడు గంటలు ఆగాలట.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. శావల్యాపురం దగ్గర పల్లెలో ఉంటుంది. ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి నిరుడే మానేసింది. నూటయాభై మందికి అన్నం వార్చిన చేతులు ఇప్పటికీ గట్టివే గానీ, మోకాళ్ళు మాత్రం ఆ వంటింటి బండల మీదే అరిగిపోయాయి.

యాత్రకు పోవాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. వాళ్ళ చర్చి సంఘపు స్త్రీల సమాజంలో పధ్నాలుగు మంది ఉన్నారు. అందరూ పోలేరు గనుక మూడేళ్ళు కూడబెట్టి ఒక్కరినైనా పంపుదామనుకున్నారు. పేర్లు చీటీల మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వేసి తీస్తే రూతమ్మ పేరు వచ్చింది. "మా అందరి బదులు నువ్వు పోతన్నావు వదినా" అన్నారు. ఆ మాట వినడానికి బాగుంది. మోయడం మొదలుపెట్టాక తెలిసింది దాని బరువు. ఒకరు కొడుకు ఉద్యోగం కోసం ప్రార్థన చెయ్యమన్నారు, ఒకరు కంటి ఆపరేషన్ కోసం. చివరికి అందరూ కోరింది మాత్రం ఒకటే. యొర్దాను నది నీళ్ళు తెమ్మన్నారు.

సంఘంలో లేని మనిషి కూడా ఒకామె అడిగింది. పక్కింటి గురవమ్మ. హాస్టల్లో పదేళ్ళు రూతమ్మతో పాటు కూరలు తరిగిన మనిషి. గురవమ్మ కోడలు బిందుకి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఇప్పుడు మూడో నెల. బయల్దేరే రోజు గురవమ్మ దడి దగ్గర నిలబడి, "మీ దేవుడూ మా దేవుడూ అని నేనేం చూడను వదినా, ఒక్క గుక్కెడు తే, దానికి తాపుతా" అంది. అంతకు మించి ఏమీ అడగలేదు. అందుకే ఆ మాట మిగతా పదమూడు మాటలకంటే బరువుగా ఉండిపోయింది.

నది రూతమ్మ అనుకున్నట్టు లేదు. మన సాగర్ కాలవ పిల్ల కాలవ అంత వెడల్పు. బురద రంగు నీళ్ళు, ఒడ్డున రెల్లు. అయినా మోకాళ్ళ లోతు దిగి నిలబడ్డప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. లీటరు సీసాలు రెండు నింపి, మూతలు బిగించి, పైన గుడ్డ చుట్టి, అక్కడి నుంచి బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. పెద్ద పెట్టెలో సర్దుకుందామంటే ఖర్జూరాలతో, ఆలివ్ నూనెతో పెట్టె బరువు దాటింది. "నీళ్ళు చేతి సంచిలో పెట్టుకోండమ్మా, ఇక్కడివాళ్ళు ఏమీ అనరు" అన్నారు యాత్ర నడిపించే అయ్యగారు. ఆయన అన్నట్టే అక్కడివాళ్ళు ఏమీ అనలేదు. సీసాలు చూసి నవ్వి వదిలేశారు.

ఇక్కడ అలా జరగలేదు.

దిగినవాళ్ళందరినీ మళ్ళీ ఎక్కబోయే ముందు ఇంకోసారి తనిఖీ చేస్తారట. రూతమ్మ సంచి బెల్టు మీద లోపలికి పోయి, అందరి సంచులతో పాటు ముందుకు రాకుండా పక్కకి మళ్ళింది. తలకి గుడ్డ చుట్టుకున్న ఒక పిల్ల సంచి తెరిచి, రెండు సీసాలూ బయటపెట్టి, తల అడ్డంగా ఊపింది.

"నో వాటర్, మమ్మా."

"యొర్దాను," అంది రూతమ్మ. "యొర్దాను నీళ్ళమ్మా. ఏసయ్య బాప్తిస్మం తీసుకున్న నది." రెండు చేతులూ కలిపి, తల వంచి, మునిగినట్టు చూపించింది.

ఆ పిల్ల కసరలేదు. ఆ పిల్ల కళ్ళ కింద కూడా నల్లగా చారలున్నాయి. సీసా ఎత్తి తాగినట్టు చూపించింది, తర్వాత పక్కనున్న డ్రమ్ము చూపించింది. తాగు, లేకపోతే అందులో వెయ్యి. రూతమ్మ మూత తీసి ఒక గుక్క తాగింది. రెండో గుక్క మింగుడు పడలేదు. వెనక వరసలో వాళ్ళు సణుగుతున్నారు.

"కానియ్యమ్మా రూతమ్మా, ఏం చేస్తాం మరి" అన్నాడు మరియదాసు.

మరియదాసు ఆమె ఊరివాడే. బడిపంతులుగా రిటైరైన మనిషి, సంఘంలో పెద్ద. ఇరవై ఆరుమంది యాత్రికుల్లో శావల్యాపురం వైపు నుంచి వచ్చింది వాళ్ళిద్దరే. ఆయన సంచిలోంచి తీసిన రెండు సీసాలు అప్పటికే డ్రమ్ములో పడి ఉన్నాయి. డెబ్భై ఏళ్ళు దాటినవాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

పిల్ల సీసాలు తీసుకుని డ్రమ్ములో వేసింది. దబ్బు, దబ్బుమని రెండు చప్పుళ్ళు. రూతమ్మ సంచి తేలికైపోయింది. ఆ తేలికకి ఆమెకి నడవబుద్ధి కాలేదు.

ఓ మూల కుర్చీలో కూలబడి, కొంగు మొహాన వేసుకుని పడుకుందామనుకుంది. షెర్లీ పడుకోనివ్వలేదు. షెర్లీ అయ్యగారి మేనకోడలు, నరసరావుపేటలో డిగ్రీ చదివిన పిల్ల. యాత్రలో అందరి పాస్‌పోర్టులూ, అందరి మందుల టైములూ తనే చూసింది. ఎప్పుడూ ఫోను ఎత్తి పట్టుకునే ఉంటుంది.

"ఆంటీ, ఈ ఎయిర్‌పోర్టులో లోపలే వాటర్‌ఫాల్ ఉందంట. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో దాన్ని చూడటానికే ఇక్కడ దిగుతారంట. రండి, అందరం పోతున్నాం."

"నువ్వు పోయిరా తల్లీ. నేను ఈ సంచులకి కాపలా ఉంటా."

"సంచులు కూడా తీసుకుపోదాం. మళ్ళీ ఎప్పుడొస్తాం ఆంటీ మనం?"

అది నిజమే గనుక రూతమ్మ లేచింది.

చాలా దూరం నడిచారు. నడిచేవాళ్ళని తనే మోసుకుపోయే నేల ఒకటి ఉంది, దాని మీద నిలబడ్డప్పుడు మాత్రం కాళ్ళకి కాస్త ప్రాణం వచ్చేది. దారి పొడవునా బంగారం కొట్లు, అత్తర్ల కొట్లు, ఎవరూ కొంటున్నట్టు లేని గడియారాల కొట్లు. అన్నీ మెరుస్తున్నాయి. ఆ మెరుపుకి ఆమెకి తలనొప్పి వచ్చింది. తర్వాత ఎక్కడో దూరాన హోరు వినబడింది. రైసు మిల్లు ఆడుతున్నట్టు. మలుపు తిరిగారు.

ఆకాశమంత ఎత్తున గాజుకప్పు. ఆ కప్పు మధ్యలో గుండ్రటి రంధ్రం. అందులోంచి ఏడు అంతస్తుల కిందికి నీళ్ళు పడుతున్నాయి. వాటికి ఆనుకోను కొండా లేదు, రాయీ లేదు. గాల్లో నిలబెట్టిన తెల్ల చీరలాగా నీళ్ళు, ఆ నీళ్ళలోంచి అవతలి మనుషులు మసక మసకగా. చుట్టూ అడవిని పెంచారు. ఏ దేశాల నుంచి తెచ్చారో, తాటిచెట్టంత మానులు, వాటి మొదళ్ళలో పూల పొదలు. బయట ఎడారి మండిపోతోందని ఆ చెట్లకి తెలియదు. జనం మూగి ఉన్నారు. అందరి చేతులూ పైకే ఉన్నాయి, ప్రార్థనలో ఎత్తినట్టు. ఫోన్లు పట్టుకున్న చేతులు.

"అయ్యబాబోయ్" అంది షెర్లీ. అంతకంటే ఏమీ అనలేక వీడియో తియ్యడం మొదలుపెట్టింది.

రూతమ్మ ఒకసారి హాస్టలు పిల్లలతో మాచర్ల అవతల ఎత్తిపోతల జలపాతం చూసింది. అక్కడ నీళ్ళ చప్పుడు కంటే ముందు వాసన తగిలింది, తడిసిన రాయి వాసన, నాచు వాసన. ఇక్కడ ఎంత దగ్గరికి వెళ్ళినా వాసన లేదు. కానీ తుంపర మాత్రం అదే తుంపర. మొహం మీద సన్నగా పడుతుంటే ఆమెకి తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఒళ్ళు చల్లబడ్డట్టయింది. నీళ్ళు పడే కుంట చుట్టూ రాతి అరుగు కట్టారు. దాని మీద కూర్చుని చెప్పులు విడిచి, చల్లటి బండ మీద అరికాళ్ళు ఆనించింది. షెర్లీ తన ఖాళీ నీళ్ళ సీసా ఆమె చేతికిచ్చి, "ఇది పట్టుకోండి ఆంటీ, పై అంతస్తు నుంచి తీసుకొస్తా" అని మెట్ల మీద పరిగెత్తింది.

రూతమ్మ అలాగే కూర్చుని కునుకు తీసింది. ఎంతసేపో తెలియదు. మెలకువ వచ్చేసరికి ఎదురుగా నీళ్ళు, చేతిలో ఖాళీ సీసా.

ఆలోచన వచ్చిందని కూడా ఆమె అనుకోలేదు. చెయ్యే ముందు కదిలింది. ఎవరికి తెలుసుద్ది? నీళ్ళకి రంగుందా, పేరుందా? శావల్యాపురంలో సీసా చూసి ఇది ఫలానా నది అనేవాళ్ళు ఎవరున్నారు? పద్నాలుగిళ్ళకీ చెంచాడేసి. అందరి మొహాలూ వెలుగుతాయి. తను కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఇంత అలసిపోయిన మనిషిని దేవుడు మాత్రం ఏమంటాడు? అరుగు మీద నుంచి వంగి, మూత తీసి, సీసాని కుంటలో ముంచింది. బుడబుడమని నిండింది.

"అమ్మా, తెలుగోళ్ళా?"

ఉలిక్కిపడి చూసింది. నీలం చొక్కా వేసుకున్న నలభై ఏళ్ళ మనిషి, నేల తుడిచే కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"అవునయ్యా."

"గా నీళ్ళు తాగేటియి కావమ్మా. పాచి వట్టకుండ మందు కలుపుతరు. కడుపుల వడ్డయంటే ఖరాబైతది. తాగే నీళ్ళు గా మూలకున్నయి, నల్లా ఉన్నది."

రూతమ్మ చేతిలో సీసాకేసి చూసింది. మందు కలిపిన నీళ్ళు. బిందు తాగేది. మూడో నెల.

"తాగడానికి కాదయ్యా" అంది. అని, అది కూడా అబద్ధమేనని తోచి, "తాగడానికే" అంది.

ఆ మనిషి పేరు హబీబ్. నిజామాబాదు దిక్కు, ఆర్మూరు దగ్గర. నాలుగేళ్ళుగా ఈ కుంట చుట్టూ నేల తుడుస్తున్నాడు. జనం నీళ్ళు చూసుకుంటూ తడి నేల మీద జారిపడకుండా చూడడం అతని పని. ఎందుకో తెలియదు, ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి రూతమ్మ అంతా చెప్పేసింది. చీటీ డబ్బా, నది, డ్రమ్ము, గురవమ్మ, బిందు. అన్నీ. అతను కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

"మా అమ్మ గూడ గట్లనే, జమ్‌జమ్ నీళ్ళు తెమ్మంటది. ఈ దిక్కే ఉంటివి గద బిడ్డా అంటది. నాకు మక్కా పోయే సెలవేడ దొరుకుతది? మా రూముల దోస్తు ఒకడన్నడు, నల్లా నీళ్ళు నింపి పంపు, ముసలామెకు ఏమెరుక అని."

"పంపినావా?"

"సీసా గూడ నింపిన. పంపలే."

"ఏం?"

హబీబ్ కర్రతో కాళ్ళ దగ్గర తడి తుడిచాడు. "దినాం ఫోన్ చేస్తది గదమ్మా. జేసినప్పుడల్లా యాదికొస్తది. గంత మొయ్యబుద్ధి గాలే."

రూతమ్మ నీళ్ళకేసి చూసింది. "ఇన్ని నీళ్ళు యాడికి పోతాయయ్యా?"

"యాడికి పోతయి? గవే నీళ్ళు. కింద వడ్డయి మోటర్ మల్ల మీదికి గుంజుతది. పొద్దున ఆరుకి ఆన్ చేస్తరు, రాత్రి బంద్ చేస్తరు. బందయినంక గీ జాగ సూడబుద్ధి గాదు." నవ్వాడు. దూరాన ఎవరో సూపర్‌వైజరు కనిపించినట్టున్నాడు, "పైలం అమ్మా, నేల తడున్నది" అని కర్ర ఆడించుకుంటూ వెళ్ళిపోయాడు.

రూతమ్మ సీసాలో నీళ్ళు మళ్ళీ కుంటలో వంపింది. చప్పుడు కూడా కాలేదు. అంత హోరులో సీసాడు నీళ్ళు ఎంత.

దాహం వేసింది. హబీబ్ చూపించిన మూలకి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. అక్కడ గోడకి వరసగా మెరిసే కుళాయిలున్నాయి. చివరి కుళాయి దగ్గర మరియదాసు వంగి నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర ఒక సీసా నిండి ఉంది. రెండోది నిండుతోంది. సీసాకి అంటించిన కంపెనీ కాగితం గోటితో జాగ్రత్తగా గీకేసి ఉంది.

ఆయన తలెత్తి చూశాడు.

"దాహమేసిందా అన్నయ్యా?" అంది రూతమ్మ.

మరియదాసు మూత బిగిస్తుంటే అది రెండుసార్లు జారింది. "చూడమ్మా. ఆదివారం సంఘమంతా ఎదురుచూసుద్ది. లేవని చెబితే మొహాలు చిన్నబోతాయి. ముసలోళ్ళున్నారు, మంచాన పడ్డోళ్ళున్నారు. విశ్వాసం వాళ్ళది. నీళ్ళదేముంది?"

"అంతేలే."

"నువ్వు కూడా ఓ సీసా పట్టుకో. ఇవి శుభ్రమైన నీళ్ళే. ఎవరికీ ఏమీ కాదు. మనిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలవదు."

మంచి నీళ్ళు. మందు లేని నీళ్ళు. బిందుకి కూడా ఏమీ కాదు. రూతమ్మ చేతిలో ఖాళీ సీసా ఉండనే ఉంది. కుళాయి రెండడుగుల దూరంలో ఉంది.

"నాకు ఓపిక లేదన్నయ్యా."

"సీసా పట్టడానికి ఓపికెందుకమ్మా?"

"పట్టడానికి కాదు. తర్వాత."

కుళాయి కింద దోసిలి పట్టి కడుపునిండా తాగింది, కొంగుతో మూతి తుడుచుకుని, మళ్ళీ ఆ అరుగు దగ్గరికే వచ్చింది. విమానం వేళయ్యేదాకా అక్కడే కూర్చుంది. షెర్లీ ఆమెను నీళ్ళ ముందు నిలబెట్టి ఫోటో తీసింది. "నవ్వండి ఆంటీ" అంటే నవ్వింది.

మర్నాటికి ఇల్లు చేరారు. ఆదివారం ఆరాధన అయిపోయాక స్త్రీల సమాజం ఆడవాళ్ళు రూతమ్మ చుట్టూ చేరారు. రూతమ్మ ఖర్జూరాల పొట్లాలు పంచింది. అందరూ ఇంకా నిలబడే ఉన్నారు.

"నీళ్ళు తెచ్చాను. రెండు సీసాలు. దారిలో విమానాల కాడ తీసేసుకున్నారు" అంది.

సమాజానికి సెక్రటరీ కుసుమ. నిక్కచ్చి మనిషి. చర్చి ముందు బల్ల మీదికి చూసింది. అక్కడ మరియదాసు రెండు సీసాలూ పెట్టి ఉన్నాయి, జనం చిన్న చిన్న గిన్నెలతో వరసకట్టారు.

"మరి పెద్దాయన నీళ్ళు తీసుకోలేదేంది అక్కా? ఇద్దరూ ఒకే విమానంలోనేగా వచ్చింది?"

రూతమ్మ అటు చూసింది. మరియదాసు కూడా ఇటే చూస్తున్నాడు. చెంచా గిన్నె మీద ఆగిపోయింది.

"నా సంచి సంగతే నాకు తెలుసు కుసుమా" అంది రూతమ్మ.

"అంతమందిమి కలిసి పంపామే" అంది కుసుమ, ఇంకెవరితోనో అన్నట్టు. "కాస్త జాగర్త పడాల్సింది." ఒక్కొక్కరే జారుకుని బల్ల ముందు వరసలో నిలబడ్డారు. ఖర్జూరాల పొట్లం ఒకరిది కిటికీలోనే ఉండిపోయింది. రూతమ్మ దాన్ని తీసుకుని ఇంటికి నడిచింది. కోపం రాలేదు. కోపానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి.

సాయంత్రం దడి దగ్గర గురవమ్మ కనిపించింది. రూతమ్మ ఆమె అడిగేదాకా ఆగలేదు.

"తేలేకపోయాను వదినా. లాక్కున్నారు."

"తెలిసిందిలే. అందుకే మధ్యాన్నం మరియదాసు గారింటికి పోయి ఓ గ్లాసు తెచ్చా. నీ పేరు చెబితే ఇంకేమీ అడక్కుండానే ఇచ్చాడు."

రూతమ్మ దడి పట్టుకుంది. గురవమ్మతో పదేళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడింది. ఈ మనిషితో దాచడం ఆమెకి చేతకాలేదు. గొంతు తగ్గించి చెప్పింది. "అయి యొర్దాను నీళ్ళు కావు వదినా. విమానాల కాడి కుళాయి నీళ్ళు. పడుతుంటే నా కళ్ళతో చూశా."

గురవమ్మ ఇంట్లోకి ఒకసారి తొంగిచూసింది.

"మంచియ్యేనా?"

"మంచియ్యే. నేను కూడా తాగా."

"తాపేశా వదినా. తాగి పడుకుంది. మూడు వారాలుగా గుండెలు చేత్తో పట్టుకుని కూర్చుంటంది, ఎక్కడ నొప్పొచ్చిద్దో, ఎప్పుడు రకతం కనపడుద్దోనని. రాత్రుళ్ళు నిద్దరే లేదు. ఇయ్యాల మధ్యాన్నం నుంచి ఒళ్ళెరగకుండా నిదరబోయింది." గురవమ్మ దడి మీంచి రూతమ్మ చెయ్యి పట్టుకుంది. "దానికి చెప్పబాకు. నీకు దణ్ణం పెడతా."

అంత దూరాన ఖాళీ సీసాతో లేచి వచ్చిన రూతమ్మకి, ఇక్కడ దడి దగ్గర 'సరే' అనక తప్పలేదు.

అంతలో లోపలి నుంచి బిందు పిలిచింది. "రూతత్తా, లోపలికి రా. నది ఎట్టా ఉందో చెప్పు."

రూతమ్మ వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. బిందు మొహం నిద్ర వల్ల ఉబ్బి, చిన్నపిల్ల మొహంలాగా ఉంది.

"మన ప్లాంటు మంచినీళ్ళ కంటే తియ్యగా ఉన్నయ్యత్తా" అంది బిందు.

"ఊ" అంది రూతమ్మ.

"నీ కూడా వచ్చిన షెర్లీ స్టేటస్‌లో పెట్టింది ఎవరో పంపితే చూశా. పైనుంచి పడతన్నాయే, అదేనా యొర్దాను?"

"కాదమ్మా. అది వేరే. అది మనుషులు కట్టింది." రూతమ్మ ఆగింది. "నది చిన్నది. మన పిల్ల కాలవంత. బురదగా ఉంటది. దిగితే కాళ్ళకింద మెత్తగా జారుద్ది. నేను దిగినప్పుడు నీ పేరు చెప్పుకున్నా. అందరి కంటే ముందు నీ పేరే చెప్పా."

అది నిజం. అంత నిజం చెప్పగలిగినందుకు ఆమెకి గుండెలో కాస్త సర్దుకున్నట్టయింది. బిందు ఇంకా ఇంకా అడిగింది, రెల్లు ఎట్టా ఉంది, అవతలి ఒడ్డున ఎవరున్నారు, నీళ్ళు చల్లగా ఉన్నాయా అని. రూతమ్మ అన్నీ చెప్పింది. ఒక్కటి తప్ప.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మరియదాసు ఆమె ఇంటికి వచ్చాడు. ఎండన పడి నడిచొచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది. రూతమ్మ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు చేతిలో పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"నువ్వు ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

"ఒకరికి చెప్పా. ఆమె ఎవరికీ చెప్పదు."

ఆయన తల ఊపాడు. "రోజూ ఎవరో ఒకరు వస్తన్నారమ్మా. రాజుపాలెం నుంచి కూడా వచ్చారు నిన్న. ఆటో కట్టించుకుని, పక్షవాతం వచ్చిన మనిషిని తీసుకుని. ఆ సీసాలు మొదటి వారానికే అయిపోయినయ్." గ్లాసు కింద పెట్టాడు. "మన ప్లాంటు నీళ్ళు పోశా వాటిల్లో. ఇప్పటికి నాలుగుసార్లు పోశా."

రూతమ్మకి ఆ మనిషిని చూస్తే జాలేసింది. కళ్ళు లోపలికి పోయాయి. యాత్రలో తొమ్మిది రోజులూ తిరిగినా ఇంతగా వాడిపోలేదు.

"ప్రసంగం చెప్పడానికి నిలబడితే ముందు వరసలో ఆ గిన్నెలే కనపడతన్నాయి. లేవని చెప్పలేను. ఉన్నయ్యని చెప్పలేను. ఏం చెయ్యమంటావు?"

"నన్నడిగితే నేనేం చెప్పేది అన్నయ్యా. పెద్దవాళ్ళు మీరు."

"పెద్దవాణ్ణి కాదమ్మా. అలిసిపోయినవాణ్ణి."

వంటింట్లో కుక్కరు రెండు కూతలు వేసింది. రూతమ్మ లేచి మంట తగ్గించి వచ్చింది.

"ఈ పూట ఇంటికి పోయి ఆ సీసాలు పారబొయ్యండి. మళ్ళీ పట్టబాకండి. ఎవరన్నా వస్తే అయిపోయినయ్యని చెప్పండి. ఆ మాట వరకన్నా నిజమయిద్ది. మిగతాది ఎప్పుడు చెబుతారో, ఎవరికి చెబుతారో మీ ఇష్టం."

మరియదాసు మజ్జిగ తాగాడు, అడుగున ఉన్న ఉప్పు కూడా ఊపుకుని తాగాడు. లేచి చెప్పులు వేసుకుంటూ, "పక్షవాతం మనిషి పేరు మేరీ. వాళ్ళు మళ్ళీ వచ్చే శనివారం వస్తామన్నారు. వాళ్ళకి మాత్రం నేనే ఎదురు పోయి చెబుతా" అన్నాడు.

"మీ కూడా నన్ను రమ్మంటే వస్తా."

ఆయన ఆగి, ఆమె మొహం చూసి, "రా అమ్మా" అన్నాడు. గేటు తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు. రూతమ్మ కుక్కరు దించి, పప్పు మెదిపి, తాలింపు పెట్టింది. బిందుకి నోరు బాగాలేదంటే చింతచిగురు వేసి కాస్త ఎక్కువే వండింది. గిన్నెలో సర్ది, దడి దగ్గరికి పోయి, గురవమ్మను కేకేసింది.